తొమ్మిదేళ్లు, సున్నా ఫిర్యాదులు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ గొడవంతా కోపంలో నేను రాసిన ఒక్క వాక్యం వల్ల వచ్చింది.

పందొమ్మిదేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాను. ఒకే కంపెనీ, ఒకే అంతస్తు, మూడు కుర్చీలు. మొదటి కుర్చీ విరిగింది. రెండోది ఎవరో ఎత్తుకుపోయారు. మూడోదానికి నా పేరు రాసి అతికించుకున్నాను. నాతో చేరినవాళ్లు మేనేజర్లయ్యారు, వాళ్ల కింద చేరినవాళ్లు వాళ్లకే మేనేజర్లయ్యారు, నేను మాత్రం కీబోర్డు వదల్లేదు. దాని మీద అక్షరాలు సగానికి సగం చెరిగిపోయాయి. ఇంకెవరైనా దాన్ని ముట్టుకుంటే ఏం కొడుతున్నారో వాళ్లకే తెలీదు, అది నాకు భలే ఇష్టం. చెవులకి ఎప్పుడూ దోసెడంత హెడ్‌ఫోన్లుంటాయి. వాటిలో పాటలేం రావు. పెట్టుకుంటే ఎవరూ పలకరించరని పెట్టుకుంటాను.

ఉద్యోగం కాక నాకు ఇంకో సంసారం ఉంది. దాని పేరు జల్లెడ. తొమ్మిదేళ్ల క్రితం రాసి, కావలసినవాళ్లు ఉచితంగా వాడుకోండని నెట్‌లో పెట్టిన చిన్న ప్రోగ్రాము. పేర్ల జాబితా ఇస్తే, రెండుసార్లు పడ్డ పేర్లు ఏరేసి, మిగతావి వరసలో పెట్టి తిరిగిస్తుంది. అంతకు మించి దానికేమీ రాదు. లైబ్రరీలవాళ్లు, స్కూళ్లవాళ్లు, ఈతకొలనులవాళ్లు వాడుతుంటారని విన్నాను. వాళ్లెవరో ఒక్కరి మొహమూ నాకు తెలీదు. ఎంతమంది దించుకున్నారో అంకె మాత్రం కనిపిస్తుంది. ఆ అంకె పొద్దున్నే కాఫీ కంటే ముందు చూసుకుంటాను.

ఇలాంటి ఉచిత ప్రోగ్రాములకి ఒక పద్ధతుంది. ప్రోగ్రాము పేజీలోనే ఫిర్యాదుల పెట్టె ఉంటుంది. వాడేవాళ్లకి ఏదైనా తప్పు కనిపిస్తే అందులో రాస్తారు. రాసేవాళ్లు మనల్ని దులిపేస్తారు, మనం నోరు మూసుకుని బాగుచేస్తాం. నా తోటి ప్రోగ్రామర్ల పెట్టెల్లో వందలకి వందలు పడి ఉంటాయి. నా పెట్టెలో ఎన్నున్నాయో తెలుసా? సున్నా. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, తొమ్మిదేళ్లు. నిజం చెప్పొద్దూ, నా కళ్లు నెత్తికెక్కి కూర్చున్నాయి.

మా ప్రోగ్రామర్ల సంఘం ఏటా ఒక సభ పెడుతుంది. దాన్ని నడిపేవాణ్ణి మేమంతా గడ్డం అంటాం. గడ్డం గీయించేసుకుని ఆరేళ్లయినా పేరు మాత్రం రాలిపోలేదు. ఆ గడ్డం ఈ ఏడు నాకు ఫోన్ చేశాడు.

"తల్లీ, తొమ్మిదేళ్లు, సున్నా ఫిర్యాదులంటే మాటలా? వచ్చి ఆ కిటుకేదో మాక్కూడా చెప్పు. నలభై నిమిషాలు నీవే."

"అబ్బే, అంత ఏముంది, ఇరవై చాలు" అన్నాను. యాభై నిమిషాలకి సరిపడా తయారుచేసుకోవడం మొదలుపెట్టాను.

సభకి ఇంకా నాలుగు వారాలుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, తెర మీద చూపించడానికి జల్లెడలో బాగా అందంగా రాసిన ముక్క ఏదైనా ఉందేమోనని పాత ఫైళ్లు తెరిచాను. అన్నీ అందంగానే ఉన్నాయి. ఎవరి పిల్ల వాళ్లకి ముద్దు కదా! అలా చూసుకుంటూ చూసుకుంటూ ఒకచోట ఆగిపోయాను.

అక్కడ పని తేలిక. జాబితాలో ప్రతి వరసలోనూ పేరుంటుంది, లేదా అంకె ఉంటుంది. పేరైతే ఇటు, అంకైతే అటు. తొమ్మిదేళ్ల క్రితం అప్పటి మా టీమ్ లీడరు దాన్ని చూసి, "రెండూ కాకపోతే?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండూ కాకుండా ఎలా ఉంటుందయ్యా? ఆ మండిపాటులో మూడో దారి ఒకటి పెట్టి, దాని చివర, వాడేవాళ్ల తెర మీద పడేలా ఇలా రాశాను: "ఇది జరగడానికి వీల్లేదు. ఒకవేళ జరిగితే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి." కింద మా ఇంటి ఫోన్ నంబరు. నా మొబైల్ నంబరు కాదు. హాల్లో మూల బల్ల మీద ఉండే పాత ఫోను నంబరు. ఎలాగూ జరగదు, ఎవరూ చెయ్యరు, లీడరు నోరు మూతపడితే చాలనుకున్నాను. ఆ తర్వాత తీసెయ్యడం మర్చిపోయాను.

నాలో నేనే నవ్వుకుని, ఈ తమాషా మా ఆయనకి చెప్పాలని హెడ్‌ఫోన్లు తీసి హాల్లోకి వెళ్లాను. మా ఆయన పళ్ల డాక్టరు. వారమంతా తెరిచిన నోళ్లే చూస్తాడు కాబట్టి ఆదివారం ఎవరైనా నోరు తెరిస్తే పేపరు అడ్డం పెట్టుకుంటాడు. నన్ను చూడగానే పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మూల బల్ల మీద ఫోను మోగింది.

మా అత్తయ్య ఎత్తింది.

"జల్లెడ. చెప్పండి."

నేను ఎక్కడిదాన్నక్కడ ఆగిపోయాను.

"ఆఁ... నిన్నటిదాకా బాగానే పనిచేసిందా? మరి నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? కొత్త పేర్లు కలిపారు. సరే. జాబితా అడుక్కి వెళ్లండి. ఇంకా అడుక్కి. చివరి పేరు కింద ఒక వరస ఖాళీగా ఉందా? ఉంది కదూ. దాన్ని తీసెయ్యండి. తొందర లేదు, నేను లైన్లోనే ఉంటాను." అర నిమిషం నిశ్శబ్దం. "వచ్చిందా? మంచిది. ఉంటానండి."

ఫోను పెట్టేసి, కళ్లద్దాలు సర్దుకుని, పక్కనున్న పొడుగు పుస్తకంలో ఏదో రాసుకుంది.

మా అత్తయ్య ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరూరి లైన్లు కలిపిన మనిషి. తొమ్మిదేళ్ల క్రితం రిటైరై మా దగ్గరికి వచ్చింది. వచ్చిన మొదటి పది రోజులు ఆవిణ్ణి చూస్తే నాకు భయమేసేది. హాల్లో గడియారం టిక్కుటిక్కుమంటోందని దాన్ని తీసి బీరువాలో బట్టల మధ్య దాచేసింది. తర్వాత ఉన్నట్టుండి తేరుకుంది, గడియారం మళ్లీ గోడెక్కింది. అది నేను కొనిచ్చిన రంగురంగుల ఊలు పుణ్యమేనని ఇన్నేళ్లూ నన్ను నేను మెచ్చుకుంటూ వచ్చాను. ఆ ఊలు ఇంకా అలాగే సంచీలో ఉందని గమనించలేదు.

దగ్గరికెళ్లి పుస్తకంలోకి తొంగి చూశాను. గీతలు కొట్టిన రిజిస్టరు. తేదీ, వేళ, మాట్లాడినవారు, నంబరు, దోషం, చెప్పిన మందు, పట్టిన నిమిషాలు. ఇప్పుడు రాసిన వరస ముందు వరస సంఖ్య: నాలుగొందల పది.

ఆ సంఖ్య మీద వేలు పెట్టాను.

"అత్తయ్యా, ఇది... ఎప్పట్నుంచి?"

"నేను రిటైరైన పదకొండో రోజు మొదటి ఫోనొచ్చింది. లైబ్రరీ ఆవిడ. మొదట నాకూ బోధపడలేదనుకో. ఐదుగురు చేశాక, ఐదుగురినీ ఒకటే అడిగాను, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందని. అందరిదీ అడుగున ఖాళీ వరసే." రిజిస్టరు మూసి నా వంక చూసి నవ్వింది. "నువ్వు నంబరిచ్చినప్పుడే అనుకున్నాను. ఇంట్లో ఆపరేటరుంది కదా, ఊరికే కూర్చోవడం ఎందుకని ఇచ్చావు. మంచిపని చేశావమ్మాయ్."

"ఆఁ" అని, వెనక్కి తిరిగి నా గదిలోకొచ్చి తలుపేసుకున్నాను.

ఫిర్యాదుల పెట్టె ఎందుకు ఖాళీగా ఉందో ఇప్పుడర్థమైంది. తప్పు కనపడ్డవాళ్లు తెర మీదున్న నంబరుకి ఫోన్ చేశారు. రెండు నిమిషాల్లో పనైపోయింది. ఇక పెట్టెలో రాయడానికి వాళ్లకేం పట్టింది? ఫోన్ చెయ్యడానికి మొహమాటపడ్డవాళ్లు ఎంతమంది జల్లెడని అవతల పారేశారో నాకు ఎప్పటికీ తెలీదు.

దోషం వెతకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మధ్యలో ఖాళీ వరసలుంటే జల్లెడ చక్కగా ఏరేస్తుంది. చివరి వరస ఖాళీ అయితే మాత్రం బోల్తా పడి ఆ మూడో దారిలోకి పోతుంది. లీడరు అడిగింది సరైన ప్రశ్నే. బాగుచెయ్యడానికి ఒక్క లైను చాలు. రాశాను, పరీక్షించాను, బాగుంది. ఇక పంపించడమే. జల్లెడ ఎక్కడున్నా కొత్త మార్పుల్ని తనంతట తనే తెచ్చేసుకుంటుంది కాబట్టి, నేను పంపే మీట నొక్కితే సాయంత్రానికల్లా అందరికీ చేరిపోతుంది.

నొక్కలేకపోయాను.

నొక్కితే హాల్లో ఆ ఫోను ఇక మోగదు. ఆ రిజిస్టరు ఇక నిండదు. గడియారం మళ్లీ బీరువాలోకి వెళ్తుంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి తనకొక డ్యూటీ ఉందని రోజూ తల దువ్వుకుని ఆ బల్ల ముందు కూర్చుంటోంది. పైగా ఆ డ్యూటీ నేను గౌరవంగా ఇచ్చానని అనుకుంటోంది! ఒక్క లైనుతో అదంతా ఊడబెరకాలా? ప్రోగ్రామరుగా నాకు వాత పెట్టినట్టుంది, కోడలిగా చెయ్యి రావడం లేదు.

మూడు వారాలు అలాగే గడిపాను. హెడ్‌ఫోన్లు ఊరికే మెడకి తగిలించుకుని, చెవులు హాల్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. రెండు ఫోన్లొచ్చాయి. రెండోది ఎవరో స్కూలు గుమాస్తా. పని ఒక నిమిషంలో అయిపోతే ఇంకో నాలుగు నిమిషాలు అత్తయ్య మోకాలి నొప్పి గురించి అడిగాడు. పెట్టేశాక ఆవిడ మొహం వెలిగిపోతోంది. నేను ఇంకా కుంగిపోయాను.

మా ఆయనకి చెప్పాను. పేపరు దించి ఓపిగ్గా విన్నాడు, అదే గొప్ప.

"అంటే, పుచ్చుపన్నుందని తెలిసి కూడా, మా అమ్మకి కాలక్షేపంగా ఉందని అలా వదిలేశావన్నమాట."

"మీ అమ్మ కదా, నువ్వే చెప్పరాదూ?"

"నేను పన్ను పీకగలను కానీ మా అమ్మ చేతిలోంచి ఫోన్ పీకలేను" అని మళ్లీ పేపరెత్తేశాడు.

ఇటు సభ దగ్గరపడుతోంది. తెర మీద మొదటి బొమ్మలో ఇంకా "తొమ్మిదేళ్లు, సున్నా ఫిర్యాదులు" అనే ఉంది. చూసినప్పుడల్లా ఎవరో చెంప మీద కొట్టినట్టుండేది. అయినా మార్చలేదు. మారిస్తే ఎందుకు మార్చానో చెప్పాలి, చెబితే బాగుచెయ్యాలి.

సభకి రెండు రోజుల ముందు, గురువారం పొద్దున్న, అత్తయ్య నా గదిలోకొచ్చింది. ఆవిడ నా గదిలోకి రావడమే అరుదు. వచ్చి, నా కుడి చెవి మీది హెడ్‌ఫోను రెండు వేళ్లతో ఎత్తింది.

"అమ్మాయ్, ఆఫీసు పని మీద మాట్లాడాలి."

కుర్చీ లాక్కుని కూర్చుని, రిజిస్టరు నా కీబోర్డు మీదే పెట్టింది.

"మొత్తం నాలుగొందల పన్నెండు ఫోన్లు. పందొమ్మిది రాంగ్ నంబర్లు. పదకొండు వేరే వేరే సందేహాలు. మిగిలిన మూడొందల ఎనభై రెండూ ఒకటే దోషం. మా ఎక్స్ఛేంజిలో ఒకే లైను మీద ఒకే ఫిర్యాదు మూడుసార్లొస్తే లైన్‌మన్‌ని పంపేవాళ్లం. నాలుగోసారొస్తే ఆపరేటరుకి మెమో ఇచ్చేవాళ్లు. ఇక్కడ మూడొందల ఎనభై రెండయ్యాయి. మీ లైన్‌మన్ ఎక్కడ?"

"అది... నాకు మొన్నటిదాకా తెలీదత్తయ్యా."

"తెలీదా?" అని వేలు తడి చేసుకుని పేజీలు తిప్పింది. మూడుచోట్ల ఎర్ర పెన్సిలుతో రాసి ఉంది. నా చేత చదివించింది.

మొదటి ఏడాది: "కోడలికి చెప్పాను. 'ఊఁ' అంది."

నాలుగో ఏడాది: "కోడలికి చెప్పాను. 'పెట్టెలో రాయమనండి' అంది."

ఏడో ఏడాది: "కోడలికి చెప్పాను. చెవులకి అవి ఉన్నాయి."

తల కొట్టేసినట్టయింది. తేదీ, వేళ, దోషం, కారణం, మందు, అన్నీ ఉన్న ఫిర్యాదు నా ఇంట్లో, నా గుమ్మంలో నిలబడి మూడుసార్లు నోరు విప్పి చెప్పింది. అంత చక్కటి ఫిర్యాదు నా పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఎవరూ రాయలేదు. పెట్టెలో పడలేదు కాబట్టి నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

ఇక దాచి లాభం లేదనిపించింది. "బాగుచేసి మూడు వారాలైందత్తయ్యా. పంపలేదు."

"ఏం?"

"పంపితే ఆ ఫోను మోగదు. మీకు... ఏమీ తోచదేమోనని..."

అత్తయ్యకి కోపం రావడం నేను ఎప్పుడూ చూళ్లేదు. అప్పుడు చూశాను.

"నాకు తోచడం కోసం అంతమందికి పని పాడుచేస్తావా? ఫోన్ చేసినవాళ్లు కబుర్ల కోసం చేశారనుకున్నావా? పని ఆగిపోయి చేశారు. నేను పెద్దదాన్నని జాలి పడు, కాదనను. నా డ్యూటీ మీద మాత్రం జాలి పడకు."

ఎలాగూ ఇంతదాకా వచ్చిందని మిగతాది కూడా కక్కేశాను. "ఆ నంబరు మీరనుకున్నట్టు ఇచ్చింది కాదు. ఎవరి మీదో కోపంతో రాసి పారేశాను. మీ కోసం కాదు."

ఆ మాట ఆవిడకి తగిలింది. రిజిస్టరు అట్ట మీద మరక ఏదో ఉన్నట్టు బొటనవేలితో రుద్దింది. మాట్లాడినప్పుడు మాత్రం గొంతు మామూలుగానే ఉంది.

"ఎందుకిస్తే ఏం, మోగింది. మోగితే ఎత్తాలి. పంపు."

పంపాను. ఆవిడ వెనకే నిలబడి చూసింది.

"అంతేనా?"

"అంతే."

"ఒక్క లైనుకి తొమ్మిదేళ్లా!" అని రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

శనివారం సభలో "తొమ్మిదేళ్లు, మూడొందల ఎనభై రెండు ఫిర్యాదులు" అని పేరు మార్చుకుని మాట్లాడాను. ఎర్ర పెన్సిలు వాక్యాలు మూడూ తెర మీద చూపించాను. మొదటి దానికి హాలంతా గొల్లుమంది, మూడోదానికి ఒక్కరూ నవ్వలేదు. కొందరు మెల్లిగా చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. చివర్లో గడ్డం లేచి, అత్తగారు మా ప్రోగ్రాముకి కూడా దొరుకుతారా అని అడిగాడు. రమ్మంటే ఆవిడ రాలేదు. సభల్లో కుర్చీలు బాగుండవట.

సోమవారం సెలవు పెట్టాను. ఫోను మోగని మొదటి రోజు ఆవిణ్ణి ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. హాల్లోకి వెళ్తే అత్తయ్య అప్పటికే తల దువ్వుకుని, రిజిస్టరు మొదటి పేజీ తెరిచి, రిసీవరు చెవికి పెట్టుకుని ఉంది.

"ఎవరికి చేస్తున్నారు?"

"లైను బాగుచేసి ఊరుకోకూడదు. చందాదారుకి ఫోన్ చేసి ఇప్పుడెలా ఉందని అడగాలి. రూలు."

"మూడొందల ఎనభై రెండుమందికా!"

"మళ్లీ మళ్లీ చేసినవాళ్లని తీసేస్తే రెండొందల అరవై. నీ జల్లెడతో కాదు, నేనే ఏరాను. ఉష్, మోగుతోంది." గొంతు సర్దుకుంది. "లైబ్రరీయేనా అండీ? జల్లెడ నుంచి. మీరు చెప్పిన దోషం బాగుచేశారు. ఆఁ, అదే. ఆలస్యమైంది, నిజమే. ఉండండి, చేసినావిడ పక్కనే ఉంది, ఇస్తాను."

నేను వద్దు వద్దని చేతులూపుతున్నా రిసీవరు తెచ్చి చెవికి ఆనించేసింది. పందొమ్మిదేళ్లలో నేను రాసినదాన్ని వాడే మనిషితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

"చెప్పండి" అన్నాను.

"నమస్కారమండీ" అంది ఒక పెద్దవయసు గొంతు. "మీ పెద్దావిడ చెప్పిన దగ్గర్నుంచి నాకెప్పుడూ ఆగలేదండీ. ప్రతి సోమవారం జాబితా పెట్టే ముందు అడుక్కి వెళ్లి ఖాళీ వరస తీసేస్తాను. తీశానో లేదోనని ఇంకోసారి చూసుకుంటాను. తర్వాత చేరినవాళ్లకి కూడా నేర్పానండీ. ఇప్పుడూ అదే చేస్తున్నాను."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. అది తన పనిలో భాగమనుకుంది, అంతే. తొమ్మిదేళ్ల సోమవారాలు. నేను కాఫీ కంటే ముందు నా అంకె చూసుకుని మురిసిపోయిన ప్రతి సోమవారం, అక్కడ ఆవిడ అడుక్కి వెళ్లి నేను వదిలేసిన చెత్త తీసి, మళ్లీ ఒకసారి చూసుకుంది.

"ఇక తియ్యక్కర్లేదండీ" అన్నాను.

"అలాగా? ఉండండి, తియ్యకుండా చూస్తాను." మీటలు నొక్కుతున్న చప్పుడు. "వచ్చిందండీ! తియ్యకుండానే వచ్చేసింది!" అని ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

"క్షమించండి" అన్నాను. ఆవిడకి అర్థమైనట్టు లేదు, ఇంకా నవ్వుతూనే థాంక్సండీ అని పెట్టేసింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

అత్తయ్య తన కొంగు అంచుతో రిసీవరు తుడిచింది, ఆ తర్వాత అదే కొంగు నాకిచ్చింది.

"ఏడిస్తే లైన్లో వినపడుతుంది. మొహం కడుక్కునిరా. రెండో నంబరు నువ్వు చేద్దువుగాని."